మా వాడకు మనసుండదా?

రామన్నపేటల చాయ్ హోటలు కాడ పెద్దమనుషుల మాటలు మా చెవిన పడ్డయి. "కూలికి రమ్మంటే మనసు బాగలేదంటున్నరు. మాల మాదిగ వాడలకు గూడ మనసు రోగాలొచ్చినయి" అని నవ్వుకున్నరు. ఆ నవ్వుకు జవాబు చెప్పాలె. అయితే మనమూ కొన్ని నిజాలు ఒప్పుకోవాలె.

డిప్రెషన్ బంగ్లాల్ల ఉండేటోళ్ల జబ్బు మాత్రమే కాదు. నిద్రపట్టదు, తిండి సయించదు, గుండె దడదడ కొట్టుకుంటది, చెయ్యెత్తుదామంటే లేవదు. చానామందికి పొద్దుగాలనే బరువెక్కువ, మాపటికి కొంత తేలికైతది. మన ఆడోళ్ల పని మొదలయ్యేది ఆ పొద్దుగాలనే గదా! పొయ్యి ముట్టియ్యాలె, నీళ్లు పట్టాలె, పిల్లల్ని బడికి తోలాలె, సద్ది కట్టుకొని కూలికి పోవాలె. పత్తి ఏరితే కిలోల లెక్క, చెయ్యి ఆడకపోతే కూలి పడదు. నాట్లు గుత్తకు పట్టిన గుంపుల ఒకామె వెనకబడితే తోటోళ్ల కూలికి దెబ్బ. రెండు రోజులు చూస్తరు, మూడోరోజు ఆమెను పిలువరు. వాళ్లనూ తప్పుపట్టలేం, వాళ్ల కడుపులూ ఆ గుత్త మీదనే ఉన్నయి. వారం తిరిగితే కిస్తు కట్టాలె. "రెస్టు తీసుకో" అని చీటీ రాసే డాక్టరు ఆ రోజు కూలి ఎవరిస్తరో గూడ రాయాలె.

ఇగ మన సంగతి. ఉద్యమంల తిరిగే మేమూ "ధైర్యంగ ఉండు" అని భుజం తట్టి పోయినోళ్లమే. ఇంట్ల ముసలోళ్లు గాలి సోకిందంటరు, మొగోళ్లు పనిదొంగ అంటరు, దవాఖాన పేరెత్తితే "ఎర్రగడ్డకు పంపాల్నా?" అని ఎగతాళి. ఎర్రగడ్డల ఉన్నది దవాఖాన, తిట్టు కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల చనిపోతే, అది వ్యవస్థ చేసిన హత్య అని రోడ్ల మీదికొచ్చినం. న్యాయమే. మరి పాడె మొయ్యనీకి కదిలే మనం, బతికున్న మనిషికి రెండు బిందెల నీళ్లు మోసిపెట్టినమా?

కులం పోతే అన్ని రోగాలూ పోతయని మాలో కొందరి వాదన. కులం మనిషిని లోపల్లోపల తొలుస్తదన్నది నిజమే. అంతదాకా ఆమె ఎట్ల లేవాలె? మందులున్నయి. గుణం కనపడనీకి కొన్ని వారాలు పడుతది, బాగైందనిపించినా డాక్టర్నడగకుండ ఆపొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కులం పేరు తీసి మరీ చెప్పింది, వైద్యంల వివక్ష చూపొద్దని. పేదోళ్లకు ఉచితంగ చెయ్యాలె, దూరాభారం తిప్పకుండ దగ్గర్లనే అందియ్యాలె అన్నది గూడ అండ్లనే ఉన్నది. 2022ల మొదలైన టెలీ మానస్ నెంబరు 14416, ఫోన్ చేస్తే పైస తీసుకోరు.

గుత్త గుంపులకు మా మాట ఒక్కటే. జబ్బుపడ్డామెకు ఆ నాల్గు వారాలు నారు కట్టలు అందిచ్చే పనియ్యండి, చెట్టు కింద పిల్లల్ని చూసే పనియ్యండి, కూలిల పాలు తియ్యకండి. ఇంటోళ్లు ఆమెకు ఆ పూట వంట ఒక్కటే చేతనైతే ఆ ఒక్కటే చెయ్యనియ్యాలె.

మనసు డాక్టరు వారంల ఏ రోజు వస్తడో సర్కారు దవాఖాన గోడ మీద రాయాలని భువనగిరి కలెక్టరుకు దరఖాస్తు పెడుతున్నం. సంతకాలు, వేలిముద్రలు కావాలె. ఆదివారం మాపటికి రండి. పొద్దుగాల లేవలేనోళ్లు గూడ రావాలె గదా.