తీగ మొదలు చూచి గొడ్డలి ఎత్తండి

వేపచెట్టును అల్లుకొన్న తిప్పతీగను ‘చెట్టును పీల్చి చంపుతుంద’ని నరికించే గృహస్థులు కొందరు నా వద్దకు వస్తూంటారు. అదే పెరటిలో మామిడికొమ్మపై గుబురుగా పెరిగిన బదనికను మాత్రం పచ్చగా ఉన్నదని ముచ్చటపడి వదిలివేస్తారు. ఇది తలక్రిందుల వ్యవహారమని నా అభిప్రాయం.

చెట్టుపై కనిపించేదంతా చెట్టుకు శత్రువు కాదు. మీ మసాలా డబ్బాలోని రాతిపువ్వునే చూడండి. మా శాస్త్రంలో అది శైలేయం. నిజానికి అది ఒక మొక్కే కాదు, శిలీంధ్రమూ నాచూ కలిసి చేసే కాపురం. ఒకటి ఇల్లు కడితే రెండవది వండిపెడుతుంది. చెట్టు బెరడు వారికి అద్దెలేని అరుగు మాత్రమే.

తిప్పతీగ వేరు భూమిలోనే ఉంటుంది. చెట్టు దానికి కేవలం ఊతం. మొదలు తెగినా దారాలవంటి ఊడలు దింపి నేలనే వెదకుతుంది. వేపపై ప్రాకినదే శ్రేష్ఠమని మా గురువుగారు చెప్పేవారు. మరీ దట్టమై చెట్టుకు ఎండ తగలనీయకపోతే కొంత తీసివేయవచ్చును, అంతే.

బదనిక అట్లు కాదు. పక్షులు దాని పండ్లు తిని జిగురు విత్తనాలను కొమ్మలకు అంటిస్తాయి. మొలక బెరడులోనికి దిగి చెట్టు నీటిని, లవణాలను లాగుకొంటుంది. ఆకులు పచ్చనివి కనుక వంట తనదే, నీరు మాత్రం పొరుగింటిది! క్రమంగా ఆ కొమ్మ చివర ఎండిపోతుంది. వృక్షాదని, అనగా చెట్టును తినేది, అని మన పూర్వులు పేరుపెట్టినది ఊరకనే కాదు. ఔషధాలలో దానికి చోటిచ్చినది కూడా వారే. పైపైన త్రుంచితే మరల చిగురిస్తుంది. అంటుకొన్న చోటికి కొంత క్రిందుగా కొమ్మనే కోయించాలి, అదీ పండ్లు పండకముందే.