చదువుకున్నోళ్లు ఎటువైపు? కాబ్రల్ అడిగిన ప్రశ్న

విముక్తి పోరాటాల్లో చదువుకున్నోళ్ల పాత్ర ఏమిటి? ఈ ప్రశ్నకు తన బతుకుతోనే జవాబు చెప్పినవాడు అమిల్కార్ కాబ్రల్. పశ్చిమాఫ్రికాలోని గినీ బిస్సావు, కేప్ వెర్డె దీవుల్లో పోర్చుగల్ వలస పాలనపై పోరాడిన యోధుడాయన.

1924లో గినీలోని బఫాటాలో పుట్టిన కాబ్రల్ లిస్బన్‌లో వ్యవసాయ శాస్త్రం చదివాడు. సర్కారు కొలువు దొరికింది. నోరు మూసుకొని ఉంటే హాయిగా గడిచేది. కానీ 1953లో వ్యవసాయ లెక్కల కోసం ఊరూరా తిరిగాడు. వలస ప్రభుత్వం అప్పజెప్పిన పనిలోనే తన జనం గోసను చూశాడు. ఆ తిరుగుడే తర్వాత ఉద్యమానికి పనికొచ్చింది. ఏ పల్లెలో ఏం పండుతుందో, ఎవరి కష్టం ఏమిటో తెలిసిన నాయకుడయ్యాడు.

1956లో సహచరులతో కలిసి పీఏఐజీసీ పార్టీని స్థాపించాడు. 1959 ఆగస్టు 3న బిస్సావు రేవులో కూలి పెంచాలని సమ్మె చేసిన కార్మికులను పోలీసులు కాల్చి చంపారు. పట్టణాన్ని నమ్ముకుంటే లాభం లేదని పార్టీ పల్లెబాట పట్టింది. 1963లో సాయుధ పోరాటం మొదలైంది. విముక్తమైన ప్రాంతాల్లో బడులు, దవాఖానలు, ప్రజా దుకాణాలు వెలిశాయి. జనం కొట్లాడేది ఎవరి బుర్రలోని సిద్ధాంతాల కోసమో కాదు, మంచి బతుకు కోసమని ఆయన నమ్మకం. అందుకే జనం దగ్గర ఏదీ దాచొద్దని, సులువుగా గెలిచామని గొప్పలు చెప్పొద్దని 1965లో కార్యకర్తలను ఆదేశించాడు.

1966లో హవానా సభలో ఇంకా కటువైన మాట చెప్పాడు. చదువుకున్న మధ్యతరగతి తన వర్గ ప్రయోజనాలను చంపుకొని జనంలో కలవాలి, లేదంటే రేపటి కొత్త దొరలు వాళ్లే అవుతారన్నది దాని సారం.

1973 జనవరి 20న కొనాక్రీలో సొంత పార్టీవాళ్లే ఆయన్ని కాల్చి చంపారు. వెనుక పోర్చుగల్ హస్తం ఉందన్న ఆరోపణ నేటికీ ఉంది. పోరాటం మాత్రం ఆగలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 24న గినీ బిస్సావు స్వాతంత్య్రం ప్రకటించుకుంది. ఆఫ్రికా యుద్ధాలతో విసిగిన సైనికాధికారులు 1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లోని నియంతృత్వాన్నే కూల్చారు. 1975లో కేప్ వెర్డె స్వతంత్రమైంది.

తర్వాత? 1980లో బిస్సావులో సైనిక తిరుగుబాటు జరిగింది. రెండు దేశాలను ఒక్కటి చేయాలన్న కాబ్రల్ కల చెదిరింది. ఆ తర్వాతా గినీ బిస్సావులో కుట్రలు, తిరుగుబాట్లు ఆగలేదు. జెండా మారినంత మాత్రాన దొరతనం పోదు. ఆయన హవానాలో చేసిన హెచ్చరిక ఇదే. ఉద్యమాల్లో ముందు నడిచే ఉద్యోగులు, విద్యార్థులు కాబ్రల్ ఫొటోకు దండ వేసే ముందు ఆయన ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. గెలిచిన మర్నాడు మనం కూర్చునేది ఎవరి పక్కన?