ఆంధ్రా ఊటీ అనకండి, దయచేసి

అరకు రైలు మీద తెలుగులో ఇప్పటికి ఎన్ని యాత్రాకథనాలు వచ్చాయో లెక్కపెట్టడం నా వల్ల కాదు. అన్నిటిలోనూ ఒకే రైలు, ఒకే కిటికీ. పచ్చని తివాచీ పరుచుకుంటుంది, మబ్బులు కొండలను ముద్దాడతాయి, ప్రకృతికాంత ఒడి చాపుతుంది, సొరంగం రాగానే పెట్టె యావత్తూ కేకలు వేస్తుంది. చివర్లో "ఆంధ్రా ఊటీ" అని బిరుదు ప్రదానం. కొన్నేళ్ళ క్రితం నేనూ అలాంటిదొకటి రాశాను కనుక ఈ చీవాట్లలో మొదటి వాటా నాదే.

నా అభ్యంతరం వర్ణన మీద కాదు. శివలింగపురం దాటాక బండి కొండ నడుము పట్టుకుని మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంటే, ఇందాక మనం వచ్చిన పట్టాలే లోయలో సన్నని గీతలా కనబడుతుంటే, మౌనంగా కూర్చోవడం ఎవరి తరమూ కాదు. సముద్రం ఒడ్డున పొద్దున్నే బయలుదేరినవాళ్ళం మధ్యాహ్నం కాకముందే శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తున ఉంటాం. 2008లో కాశ్మీరు లోయలో రైళ్ళు తిరగడం మొదలయ్యేదాకా దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఇదే ఎత్తయినది. ఇవన్నీ నిజాలే, రాయవలసినవే.

కానీ ఈ కనుమ దారి మన కళ్ళకు విందు చేయడానికే పుట్టినట్టు రాస్తామే, అక్కడే పేచీ. కొత్తవలస-కిరండోల్ లైనును 1960లలో వేసింది బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపి, జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడానికి. ఆ లైనులోని 58 సొరంగాలనూ తొలిచింది రాయి కోసం. ఎదురొచ్చే గూడ్సుకు దారి ఇవ్వడానికి మన బండి ఆగితే విసుక్కుంటాం. నిజానికి ఇంటి యజమాని ఆ గూడ్సే, మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం.

ఊటీతో పోలిక అందుకే నాకు మింగుడుపడదు. మెట్టుపాళయం నుంచి పళ్ళచక్రాల రైలు 1899లో కూనూరుకూ, 1908లో ఊటీకీ చేరింది. అది దొరల చల్లదనం కోసమే కావచ్చు, మనుషులను కొండ ఎక్కించడానికి వేసిన రైలు. ఇది కొండను కిందికి దింపడానికి వేసిన రైలు. రెంటికీ సామ్యం ఎక్కడ? చలి ఒక్కటే.

"అయితే రైలు రాకపోతే బాగుండేదా, ఆ ఊళ్ళకు దారి దొరికింది కదా" అంటారు. దొరికింది. కాదనను. నా మాట కూడా అదే, ఆ దారి వాళ్ళదన్న సంగతి మనం మరిచిపోయాం. మొన్న శీతాకాలం చివర తిరుగు ప్రయాణంలో కరకవలసలో ఇద్దరు ఆడవాళ్ళు కొండచీపుర్ల కట్టలతో ఎక్కారు. నా ఎదుటి సీటు పెద్దమనిషికి కోపం వచ్చింది. "టూరిస్టుల బండిలో ఈ కట్టలేమిటమ్మా?" అన్నాడు. వాళ్ళలో పెద్దావిడ కట్టను కాళ్ళ దగ్గరికి లాక్కుంటూ, "మా బండే కద బాబూ ఇది" అంది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన్ని అనేదేముంది? ఆయన చదివిన వ్యాసాలన్నీ మనం రాసినవే. వాటిలో గిరిజనులు ధింసా ఆడటానికి వస్తారు, సీట్లో కూర్చోవడానికి రారు. 2017 ఏప్రిల్‌లో ఇదే దారిలో అద్దాల పెట్టె వచ్చినప్పుడు కప్పులోంచి ఆకాశం కనబడుతుందని మురిసిపోయాం. పక్కపెట్టెలో ఎవరు ఏ పని మీద వెళ్తున్నారో మాత్రం మన అద్దానికి అందలేదు.

ఇంకొక్కటి. బొర్రా గుహల స్టేషనులో సగం పెట్టె ఖాళీ అవుతుంది. అక్కడ ప్రతి యాత్రికుడూ స్టాలగ్మైట్ల గురించి, గుహలోని శివలింగం గురించి రాస్తాడు. అదే అనంతగిరి మండలంలో, అదే బొర్రా చుట్టుపక్కల గూడేల్లో గనుల లీజుల మీద లేచిన తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం గిరిజనేతరులకూ, ప్రైవేటు కంపెనీలకూ లీజుకు ఇవ్వరాదని 1997 జూలైలో తీర్పు వచ్చింది. సమత తీర్పు అంటారు. దేశంలో ఎక్కడ గిరిజన భూమి మాట వచ్చినా న్యాయవాదులు దీన్ని ఎత్తుతారు. మన యాత్రాకథనాల్లో మాత్రం బొర్రాకు వెయ్యి వర్ణనలున్నాయి, ఈ తీర్పుకు ఒక్క వాక్యం నా కంటబడలేదు. నా పాత వ్యాసంలోనూ లేదు.

ఈసారి ఆ దారిన వెళ్ళొచ్చి రాసేవారు ఆ ఒక్క వాక్యం రాయండి. గూడ్సు ఎందుకు ముందు వెళ్ళిందో రాయండి. పక్కన కూర్చున్నావిడ ఏ స్టేషనులో ఎక్కి ఎక్కడ దిగిందో రాయండి. ఆ తరువాత తివాచీ పరుస్తారో, మబ్బుల చేత ముద్దులు పెట్టిస్తారో మీ ఇష్టం.