మొదటి ఖర్చు దేనికి?



వేసవి సెలవులకు పిల్లలు ఇంటికి వస్తే పెద్దలకు రెండు పనులు. ఒకటి, మామిడికాయలు కోసి పెట్టడం. రెండవది, కంప్యూటరు ముందు నుంచి లేవడం లేదని కేకలు వేయడం. ఈసారి మేము ఆ రెండవ పని మానుకొని పిల్లవాడి పక్కనే స్టూలు వేసుకొని కూర్చున్నాము. కూర్చున్నందుకు ఒక మంచి సంగతి తెలిసింది. ఈ నెల దానినే మీ ముందు పెడుతున్నాము.

మాది సూర్యాపేట పక్క పల్లె. మా తమ్మునికి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. వాడు ఆడుతున్న ఆట పేరు పసిఫిక్ డ్రైవ్. అమెరికాలోని ఐరన్‌వుడ్ స్టూడియోస్ అనే సంస్థ దానిని తయారుచేయగా 2024 ఫిబ్రవరిలో వచ్చింది. అది పందెం ఆట కాదు. ఒక పాత కారు, ఒక గ్యారేజీ, మనుషులు విడిచిపోయిన ప్రమాదకరమైన అడవి ప్రాంతం ఉంటాయి. ఆ కారులో అడవిలోకి వెళ్లి పనికివచ్చే పాత సామాను ఏరుకోవాలి. తుఫాను కమ్ముకోకముందే తిరిగి గ్యారేజీకి చేరాలి. తెచ్చిన సామానుతో కారును బాగుచేసుకొని మళ్లీ బయలుదేరాలి. పెట్రోలు అయిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, టైరు పంక్చరవుతుంది, హెడ్‌లైటు పగులుతుంది. అచ్చం మన ఊరి పాత జీపు కథే!

"అన్నిటికీ ఒకేసారి సామాను చాలదు గదా, మరి ముందు దేనికి పెడతావురా?" అని అడిగాము.

"మొదట్ల నేను తప్పు చేసిన పెద్దనాయనా. ఎక్కువ సామాను పట్టాలె, కారు మంచిగ కనపడాలె అని చూసిన. టైర్లు పట్టించుకోలె. చీకట్ల దూరం పోయినంక టైరు పోయింది. మార్చుకుందామంటే ఇంకోటి లేదు. ఏరుకున్నదంతా అక్కడ్నే పోయింది. ఇప్పుడైతే ముందు టైర్లు, లైట్లు, డొక్కు తలుపులు తీసి గట్టి తలుపులు. డిక్కీల ఇంకో టైరు. మనల్ని తిరిగి ఇంటికి తెచ్చేవి ముందు, ఎక్కువ సంపాయించి పెట్టేవి తర్వాత."

ఆ మాట మాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే సరిగ్గా అదే సమయానికి వాకిట్లో ఇంకొక పాత బండి నిలబడి ఉన్నది. అది ఆట బండి కాదు.

పెద్దవాడు వారం క్రితం కోదాడలో ఒక సెకండ్‌హ్యాండ్ ట్రాలీ ఆటో కొన్నాడు. తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసింది, మిగతాది ఫైనాన్సు. సూర్యాపేట మార్కెట్టుకు కూరగాయలు వేయడం, మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి తవుడు, నూకలు తేవడం వాని ఆలోచన. బండి కొన్న తరువాత చేతిలో మిగిలింది 30,000 రూపాయలు. ఆ డబ్బుకు వాడు రాసుకున్న చీటీ చూశాము. బస్తాలు ఎక్కువ పట్టేటట్టు ట్రాలీకి అడుగు ఎత్తు రేకులు, రెండు స్పీకర్ల పాటల పెట్టె, మ్యూజిక్ హారను, ముందు అద్దం మీద స్టిక్కర్లు. టైర్లకు గాని బ్రేకులకు గాని అందులో చోటు లేదు.

మేము ఏమనాలా అని చూస్తుండగా, అరుగు మీద కూర్చున్న మా తమ్ముడు నోరు తెరిచాడు. "నా కాలు చూసి రాయిరా ఆ చీటీ" అన్నాడు. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

ఆ కాలి కథ ఇంట్లో అందరికీ తెలిసినదే, కాని ఎవరమూ ఎత్తము. చాలా ఏండ్ల క్రితం మేమిద్దరమూ కలిసి పాత ట్రాక్టరు, ట్రాలీ కొన్నాము. చేతిలో ఉన్న డబ్బుతో మొదట ట్రాలీకి ఎర్ర రంగు వేయించి, వెనుక పెద్ద అక్షరాలతో పేర్లు రాయించాము. వెనుక లైటు వైరు తెగి ఉన్నది; తరువాత చూద్దామనుకున్నాము. ఆ ఏడు కోతలప్పుడు వడ్లు మిల్లులో దించి రాత్రిపూట మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ వైపు వస్తుంటే ట్రాలీ టైరు పంక్చరయింది. రోడ్డు పక్కకు ఆపాము. తమ్ముడు వెనుక జాకీ పెడుతున్నాడు. వెనుక నుంచి వచ్చిన లారీవానికి మా ట్రాలీ దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. అతడు బ్రేకు కొట్టి పక్కకు తిప్పాడు గనుక ప్రాణం దక్కింది, కాలు మాత్రం విరిగింది. తమ్ముడు నేటికీ కుంటుతూనే నడుస్తాడు. రంగుకు పెట్టిన డబ్బులో పదోవంతు పెట్టినా ఆ లైటు వెలిగేది. తప్పు లారీవానిది కాదు, మాది. మేము ఈ పేజీలో ఎన్నో సలహాలు రాశాము గాని, ఈ ఒక్క సంగతి రాయడానికి ఇన్నేండ్లు పట్టింది.

చిన్నవాడు అప్పుడు ఇంకొక మాట అన్నాడు. "ఆటలనైతే ప్రాణం పోయినా మళ్లీ గ్యారేజీలనే లేస్తం." హైదరాబాదు-విజయవాడ రహదారి మీద అలా లేచే అవకాశం లేదు. వెనుకట దానిని 9వ నంబరు అనేవారము, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. సూర్యాపేట ఆ దారిలో దాదాపు సగంలో ఉన్నది. రోడ్డు వెడల్పయిన కొద్దీ బండ్ల వేగం పెరిగింది. ఆ వేగం మధ్యలోకే మన ట్రాలీలు, మన పిల్లల ఆటోలు ఎక్కుతున్నాయి.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలనే ఉపమానం మనకు తెలిసినదే. ఆ రాత్రి మేము నలుగురమూ కూర్చుండి పాత చీటీ పక్కన పెట్టి కొత్తది రాశాము. మీ ఇంట్లోనూ కొత్తగా పాత బండి వచ్చి ఉంటే పనికివస్తుందని ఆ వరుసను ఇక్కడ ఇస్తున్నాము.

మొదటిది టైర్లు. బండి మొత్తంలో నేలను తాకేవి అవే. టైరు గాడిలో అక్కడక్కడ చిన్న అడ్డు గుర్తులు ఉంటాయి. కార్లకు, ఇలాంటి చిన్న బండ్లకు గాడి 1.6 మిల్లీమీటర్ల లోతుకు అరిగినప్పుడు ఆ గుర్తులు పైకి సమమవుతాయి. అప్పుడు టైరు పని అయిపోయినట్టే. టైరు పక్కన నాలుగు అంకెలు కూడ చూడండి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడి నిండుగా ఉన్నా పాతబడి పగుళ్లు వచ్చిన టైరును నమ్మరాదు. రీట్రెడ్ టైరును ముందు చక్రానికి వేయవద్దు. ముందు టైరు పగిలితే స్టీరింగు చేతిలో నిలవదు. మన మే నెల ఎండల్లో గాలి తక్కువైన టైరు నలిగి నలిగి వేడెక్కి పగులుతుంది. కాబట్టి పొద్దున్నే, బండి నడపకముందే గాలి చూపించాలి. స్టెప్నీ, జాకీ, వీల్ పానా బండిలోనే ఉండాలి, ఇంట్లో కాదు.

రెండవది బ్రేకులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనబడి కాలు బ్రేకు మీదికి వచ్చేలోగానే ఆ దూరం దాటుతాము. వేగం రెట్టింపయితే బ్రేకు పడిన తరువాత ఆగే దూరం నాలుగింతలవుతుంది. పాత బండి కొన్న రోజే చక్రాలు విప్పించి లైనర్లు చూపించండి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొని చెడిపోతుంది. పాతది తీసి కొత్తది పోయించండి.

మూడవది వెలుగు. అన్నిటిలోకి ఖర్చు తక్కువైనది ఇదే, మేము మరిచినదీ ఇదే. వెనుక లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు వెలగాలి. రేడియం టేపు వెనుక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు అంటించాలి. ట్రాక్టరు ట్రాలీలకు ఇది మరీ ముఖ్యం. బండి ఆగిపోతే వెనుక దూరంగా పెట్టడానికి ఎర్ర త్రికోణం ఒకటి కొనుక్కోండి. చెట్టు కొమ్మలు, రాళ్లు పెట్టేవారున్నారు. బండి బాగయిన తరువాత ఆ రాళ్లను అక్కడే వదిలి పోతారు. వెనుక వచ్చే మోటారు సైకిలువాని తల్లిని ఒకసారి తలచుకోండి.

నాల్గవది ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్లు, ఫ్యాన్ బెల్టు, బ్యాటరీ. ఇవి సరిగా లేకుంటే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. రాత్రి ఆగిన బండి ఎంత ప్రమాదమో పైన చెప్పాము.

ఐదవది కాగితాలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కరాదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. ఇక్కడ ఒక మాట. పెండ్లికి, సభలకు, నాట్లకు మన ఆడబిడ్డలను, పిల్లలను సరుకుల బండ్లలో ఎక్కించుకొని పోవడం మనకు అలవాటు. సరుకు యజమాని సంగతి వేరుగాని, ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పూచీపడనవసరం లేదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. డబ్బు మాట అటుంచండి, పోయిన మనిషిని ఎవరు తెచ్చి ఇస్తారు? దయచేసి ఈ అలవాటు మానండి.

ఇక మిగిలితే మిగతావి. ఎత్తు రేకులు వేస్తే కిరాయి పెరుగుతుంది నిజమే, కాని అవే బ్రేకులు, అవే టైర్లు అంత బరువును ఆపాలి. రకరకాల రాగాలు పలికే హారనును 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే ఒప్పుకోవు. ఎదుటివాని కళ్లు చెదరగొట్టే లైట్లు మనకు దారి చూపవచ్చును గాని, అతనికి దారి లేకుండా చేస్తాయి.

పెద్దవాడు మొదట ముఖం ముడుచుకున్నాడు. "ఎత్తు రేకులు లేకుంటే కిస్తీ ఎట్ల కడుత పెద్దనాయనా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేస్తే ఒకటి రెండు ట్రిప్పులు ఎక్కువ తిరగవలసి వస్తుందని తేలింది. మొదటి మూడు నెలల కిస్తీలో తగ్గేది మేము సర్దుతామని ఒప్పుకున్నాము. పిల్లలకు నీతి చెప్పి, అప్పు భారం వాళ్ల నెత్తినే వదలడం పెద్దరికం కాదు.

రెండు ముందు టైర్లు, లైనర్లు, లైట్లు, రేడియం టేపు అయ్యేసరికి డబ్బు దాదాపు అయిపోయింది. పాటల పెట్టె రాలేదు. మొన్న రాత్రి మిర్యాలగూడ నుంచి తవుడు బస్తాలతో వాడు తొమ్మిది దాటిన తరువాత వచ్చాడు. బండి మలుపు తిరిగి ఇంటి ముందు ఆగగానే వెనుక ఎర్ర టేపు మా వీధి లైటు వెలుగులో మెరిసింది. మా తమ్ముడు కుంటుకుంటూ బండి వెనుకకు పోయి, దానిని ఒకసారి చేతితో తడిమి, ఏమీ అనకుండా లోపలికి వచ్చి అన్నం పెట్టమన్నాడు.

మీ వాకిట్లో ఉన్న బండి వెనుకకు ఈ రాత్రి మీరూ ఒకసారి వెళ్లి చూడండి.