పుస్తకంలో లేని గ్రహం



మీలో కొందరు 'స్టార్ వార్స్' సినిమాలు చూసే వుంటారు. చూడనివారి కోసం ముందుగా నాలుగు మాటలు చెబుతాను. అమెరికాలో జార్జి లూకాస్ అనే దర్శకుడు 1977లో ఈ పేరుతో ఒక వైజ్ఞానిక కల్పన చిత్రం తీశాడు. దాని తరువాయి కథలు 1980లోనూ, 1983లోనూ వచ్చాయి. వాటిలో నల్లని ముసుగు తొడుక్కున్న డార్త్ వేడర్ అనే దుష్టుడు వున్నాడు. అతడు ఒకప్పుడు ఆనకిన్ అనే తెలివైన పిల్లవాడు. ఆ పిల్లవాడు ఎలా చెడిపోయాడన్న వెనకటి కథ చెప్పడానికి లూకాస్ 1999, 2002, 2005 సంవత్సరాల్లో మరో మూడు చిత్రాలు తీశాడు. కొడుకు కథ ముందు చెప్పి, తండ్రి కథ తర్వాత చెప్పాడన్నమాట.

ఈ వెనకటి కథ చిత్రాల పేరెత్తితే చాలు, చూసినవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. మా ఉపాధ్యాయుల గదిలోనే ఆ రెండు జట్లూ వున్నాయి. మా లెక్కల మాస్టారు చిన్నప్పుడు పాత చిత్రాలను వీడియోలో చూసి మురిసిపోయినవారు. కొత్తవాటిలో పన్నుల గొడవలూ, సభల్లో ఉపన్యాసాలూ ఎక్కువయ్యాయనీ, అంతా కంప్యూటర్ బొమ్మలమయమనీ, ప్రేమ సంభాషణలు వింటే నవ్వొస్తుందనీ ఆయన వాదన. మా అమ్మాయికి మాత్రం ఇవే మొదట తెలిసిన స్టార్ వార్స్. వీటిని ఏమన్నా ఊరుకోదు. ఇప్పుడు ఆ తరం పెద్దదైంది. పాతికేళ్ళయిందని 2024లో మొదటి చిత్రాన్నీ, ఇరవయ్యేళ్ళయిందని 2025లో మూడో చిత్రాన్నీ మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు.

నా అభిప్రాయమేమిటని అడుగుతారు కదూ! ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. 'నాకు నచ్చింది', 'నాకు నచ్చలేదు' అనేవి రుచికి సంబంధించిన మాటలు. కాకరకాయ కూర నాకిష్టం, మీకు చేదు. దాన్ని ప్రయోగశాలలో తేల్చలేం. 'ఇది తప్పు', 'ఇది ఒప్పు' అనే మాటలు వేరు. వాటికి ఆధారం చూపాలి. ఉదాహరణకు, మూడో చిత్రం చివర ఇద్దరు వీరులు మరుగుతున్న లావా ప్రవాహం మీద తేలే చిన్న పలకలపై నిలబడి చాలాసేపు కత్తియుద్ధం చేస్తారు. లావా ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువగా కూడా వుంటుంది. దాన్ని తాకకపోయినా వికిరణం వల్ల వేడి మీదికి వచ్చి పడుతుంది. నమ్మకం లేకపోతే కమ్మరి కొలిమికి రెండడుగుల దూరంలో కాసేపు నిలబడి చూడండి. కనుక ఆ దృశ్యం శాస్త్రరీత్యా తప్పు. అది నచ్చడం, నచ్చకపోవడం మీ ఇష్టం.

మరొక సంగతి. విమర్శ సినిమా మీద వుండాలి గాని మనుషుల మీద కాదు. మొదటి చిత్రంలో జార్ జార్ అనే హాస్యపాత్ర వుంది. నటుడి కదలికలను బట్టి కంప్యూటర్‌తో దాన్ని తయారుచేశారు. పాత్ర నచ్చనివారు నటుణ్ణే వెక్కిరించారు. అతడు ఎంతగా కుమిలిపోయాడో 2018లో తానే బయటపెట్టాడు. ఆనకిన్ వేషం వేసిన చిన్నపిల్లవాణ్ణి కూడా పెద్దలు వదల్లేదు. ఇది మాత్రం రుచికి సంబంధించిన విషయం కాదు, తప్పే.

ఇక నాకు ప్రీతిపాత్రమైన ఘట్టాలు చెబుతాను. సైన్సు మాస్టారి కంటితో చూసినవి సుమా!

మొదటిది ఒక నిశ్శబ్దం. రెండో చిత్రంలో జాంగో ఫెట్ అనే కిరాయి వేటగాడు అంతరిక్ష శిలల మధ్య పారిపోతూ, తనను తరుముతున్న ఓబీ-వాన్ మీదికి ఒక బాంబు వదులుతాడు. అది పేలుతుంది. అయితే పేలిన క్షణంలో చప్పుడే వుండదు! థియేటరంతా మూగబోతుంది. ఆ తర్వాతే ధ్వని మోగుతుంది. మీ పాఠంలో గాజుజాడీ ప్రయోగం గుర్తుందా? జాడీలో విద్యుత్ గంట మోగుతూ వుంటుంది. లోపలి గాలిని పంపుతో తీసేస్తూ పోతే గంట కొట్టుకుంటూ కనిపిస్తుంది గాని శబ్దం సన్నగిల్లిపోతుంది. ధ్వని ప్రయాణించడానికి యానకం కావాలి. అంతరిక్షంలో అది లేనట్టే. కనుక ఆ నిశ్శబ్దానికి నూటికి నూరు మార్కులు. దాని వెనకాల వచ్చిన మోతకూ, ఆరు చిత్రాల్లో వ్యోమనౌకలు చేసిన రొదకూ సున్న!

రెండోది ఒక రక్తపరీక్ష. మొదటి చిత్రంలో క్వై-గాన్ అనే గురువు తొమ్మిదేళ్ళ ఆనకిన్ రక్తాన్ని పరీక్షకు పంపుతాడు. కణాల్లో 'మిడి-క్లోరియన్లు' అనే సూక్ష్మజీవులు వుంటాయనీ, అవి ఎక్కువగా వున్నవారికే అద్భుత శక్తి అబ్బుతుందనీ కథ. ఆనకిన్ లెక్క ఇరవై వేలు దాటుతుంది. గురువులకే గురువైన యోడాకు కూడా అంత లేదట! పాత చిత్రాల అభిమానులకు ఇది అసలు గిట్టలేదు. రహస్యంగా వుండవలసిన శక్తిని రక్తపరీక్ష అంకెగా మార్చేశారని వారి కోపం.

జీవశాస్త్రం చదివినవారికి మిడి-క్లోరియన్లు అనగానే మైటోకాండ్రియా గుర్తుకు రాకమానవు. మన కణాలకు శక్తి భాండాగారాలైన మైటోకాండ్రియాలు ఒకనాడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా సంతతివనీ, మరో కణంలో చేరి సహజీవనం చేస్తూ అక్కడే స్థిరపడ్డాయనీ లిన్ మార్గులిస్ అనే శాస్త్రజ్ఞురాలు 1967లో గట్టిగా వాదించింది. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. మైటోకాండ్రియాలకు వాటి సొంత డి.ఎన్.ఏ. వుండటం వంటి ఆధారాలు బలపడ్డాక ఒప్పుకోక తప్పలేదు. కనుక కణంలో మరో జీవి కాపురం పెట్టిందన్న ఊహ అంత వింతేమీ కాదు.

నా దృష్టిలో కొలవడం తప్పు కాదు. కొలవకపోతే విజ్ఞానశాస్త్రమే లేదు. అయితే ఆ అంకె దేన్ని కొలిచింది? పిల్లవాడి శక్తిని కొలిచింది. అతని భయాన్నీ, కోపాన్నీ, తల్లికి దూరమైన బాధనూ కొలవలేదు. అందరికన్నా పెద్ద అంకె వచ్చిన ఆ పిల్లవాడే చివరకు డార్త్ వేడర్ అయ్యాడు. థర్మామీటరు జ్వరం ఎంతో చెబుతుంది గాని రోగి ఎలాంటి మనిషో చెప్పదు. మీ మార్కుల జాబితా కూడా అలాంటిదే. ముప్ఫయ్యేళ్ళుగా మార్కులు వేస్తున్నవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

మూడోది ఒక సూర్యాస్తమయం. మూడో చిత్రం ముగింపులో పసిబిడ్డను ఎత్తుకున్న దంపతులు ఎడారిలో నిలబడి, ఒకేసారి అస్తమిస్తున్న ఇద్దరు సూర్యులను చూస్తారు. ఇలాంటి దృశ్యం 1977 చిత్రంలోనూ వుంది. రెండు సూర్యుల చుట్టూ తిరిగే గ్రహమేమిటి, అంతా కట్టుకథ అనిపిస్తుంది కదూ! 2011 సెప్టెంబరులో శాస్త్రజ్ఞులు అలాంటి గ్రహాన్నే ప్రకటించారు. దాని పేరు కెప్లర్-16బి. శనిగ్రహమంత వుంటుంది. రెండు నక్షత్రాల చుట్టూ 229 రోజులకు ఒకసారి తిరిగి వస్తుంది. అది నక్షత్రాలకు అడ్డంగా వచ్చినప్పుడు వాటి వెలుగు కొద్దిగా తగ్గడాన్ని కెప్లర్ అనే అంతరిక్ష దూరదర్శిని కనిపెట్టింది. అయితే శనిలాగానే అక్కడ నిలబడటానికి నేల వుండకపోవచ్చు.

ఈ రాత్రి మీరొక పని చేయండి. చీకటి గదిలో రెండు దీపాలను కొద్ది దూరంలో పెట్టి, వాటి ముందు ఒక పెన్సిలును నిటారుగా నిలబెట్టండి. పెన్సిలుకు రెండు నీడలు పడతాయి. ఒక్క దీపమే వున్నప్పటికన్నా అవి పలచగా వుంటాయి. ఎందుకో మీరే ఆలోచించండి. ఇద్దరు సూర్యుల లోకంలో మీ నీడ ఎలా వుంటుందో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

నాలుగోది అన్నిటికన్నా నాకిష్టమైనది. సినిమాలో అది రెండు నిమిషాల ముచ్చటే. అందులో కత్తులూ లేవు, పేలుళ్ళూ లేవు. వున్నది ఒక తరగతి గది.

రెండో చిత్రంలో ఓబీ-వాన్‌కు కమినో అనే లోకం కావాలి. మహాగ్రంథాలయంలో వెతికితే పటంలో దాని జాడ వుండదు. గ్రంథాలయాధికారిణిని అడుగుతాడు. మా దస్త్రాల్లో లేనిది అసలు వుండనే వుండదని ఆమె నిబ్బరంగా తేల్చేస్తుంది. అతడు యోడా దగ్గరికి వెళతాడు. యోడా అప్పుడు చిన్నపిల్లలకు పాఠం చెబుతున్నాడు. పెద్దవాడి చిక్కు వినగానే విసుక్కోకుండా దాన్ని పిల్లల ముందే పెడతాడు. పటాన్ని గాలిలో వెలిగించి చూపిస్తారు. కమినో వుండవలసిన చోట ఖాళీ. కాని చుట్టుపక్కల నక్షత్రాలను ఆ ఖాళీ వైపు గురుత్వాకర్షణ లాగుతోంది. అలా ఎందుకుందని అడిగితే ఒక పిల్లవాడు లేచి, ఎవరో దాన్ని దస్త్రాల్లోంచి చెరిపేశారని చెబుతాడు. అంతే, చిక్కు వీడిపోతుంది. ఆకర్షణ అంత కొట్టవచ్చినట్టు కనిపించడం సినిమా అతిశయోక్తి. ఆలోచించిన పద్ధతి మాత్రం అక్షరాలా సైన్సే.

అలాగని ఎలా చెప్పగలను? ఇది నిజంగా జరిగింది కనుక. 1781లో కనుగొన్న యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని తర్వాత్తర్వాత తెలిసింది. కనిపించని మరో గ్రహమేదో దాన్ని లాగుతున్నదని ఫ్రాన్సులో లెవెరియె గణించాడు. ఇంగ్లండులో ఆడమ్స్ కూడా విడిగా ఇలాంటి లెక్కే చేశాడు. లెవెరియె జాబు 1846 సెప్టెంబరు 23న బెర్లిన్ నక్షత్రశాలలోని గాలేకు చేరింది. ఆ రాత్రే గాలే దూరదర్శినిలో చూస్తూ ఒక్కొక్క నక్షత్రాన్నీ చెబుతుంటే, దారెస్ట్ అనే విద్యార్థి పటంతో సరిచూశాడు. కాసేపటికి పటంలో లేని చుక్క ఒకటి వచ్చింది. అదే నెప్ట్యూన్! లెక్క చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే దొరికింది. గమనించారా? సినిమాలోని గ్రంథాలయాధికారిణి 'పటంలో లేదు కనుక లేదు' అన్నది. బెర్లిన్‌లో మాత్రం 'పటంలో లేదు కనుకనే కొత్తది' అని తెలిసింది.

అయితే లెక్క ఒక్కటే చాలదు. బుధగ్రహం నడకలో తేడా చూసి అదే లెవెరియె 1859లో మరో గ్రహం వుండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఎంత వెతికినా అది దొరకలేదు. ఆ తేడాకు కారణం గ్రహం కాదని 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం తేల్చింది. అందుకే వెళ్ళి చూడాలి. ఓబీ-వాన్ కూడా పిల్లవాడి మాట విని ఊరుకోలేదు, వెళ్ళి చూశాడు.

ఈ ఘట్టం నాకెందుకు ఇంత ఇష్టమో ఇప్పుడు చెబుతాను. 2006 ఆగస్టు 24న ప్రేగ్ నగరంలో ఖగోళ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సమాఖ్య ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తొలగించింది. కొద్ది వారాల్లో మా క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి. సౌరకుటుంబంలో గ్రహాలెన్ని అని నేనే ప్రశ్న ఇచ్చాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె 'ఎనిమిది' అని రాసింది. ఎర్రసిరాతో కొట్టేశాను. మర్నాడు ఆమె పేపరు కత్తిరింపు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ వార్త నేనూ చదివాను. అయినా, "పుస్తకంలో తొమ్మిది అని వుందమ్మా, పరీక్షకు పుస్తకమే ప్రమాణం" అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. "సరే మాస్టారూ" అని కత్తిరింపు మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడాది మళ్ళీ ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కొన్నేళ్ళకు మా అమ్మాయితో కలిసి ఈ సినిమా మళ్ళీ చూశాను. గ్రంథాలయాధికారిణి మాట వినగానే నా గొంతు నాకే వినిపించింది. అంతవరకు నన్ను నేను యోడా అనుకుంటూ వుండేవాణ్ణి.

ఇప్పుడు నా తరగతిలో ఒక నియమం పెట్టాను. పుస్తకంలో లేనిది ఎవరు తెచ్చినా ఆధారం అడుగుతాను. ఆధారం వుంటే అందరం కలిసి పరిశీలిస్తాం. నిజమని తేలితే మార్కు ఇస్తాను, తేలకపోతే ఎందుకు తేలలేదో నల్లబల్ల మీద రాస్తాను. కనుక, పిల్లలూ, ఈ సినిమాలు బాగున్నాయో లేదో మీ ఇష్టం. మీ పటంలో ఖాళీ కనిపిస్తే మాత్రం దాటిపోకండి. చుట్టూ ఏది ఎటు లాగుతోందో చూడండి, వెళ్ళి మాస్టారిని అడగండి. ఆయన కాదంటే ఇంకోసారి అడగండి.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఆమెకు ఒక మార్కు బాకీ వున్నాను.