దయయా? ఋణమా?

పంట చెడి, అప్పులలో మునిగి, ప్రాణము తీసికొనిన రైతుయొక్క కుటుంబమునకు మన ప్రభుత్వములిచ్చు ద్రవ్యమునకు 'ఎక్స్‌గ్రేషియా' యని పేరు. లాటిను భాషలో నీ మాటకు 'దయవలన' నని యర్థము. హక్కువలన గాదు, చట్టమువలన గాదు, దయవలన. ఈ పదము వెనుకనున్న యెత్తు న్యాయస్థానముల మెట్లెక్కిన వారికి బాగుగ తెలియును. ఋణమైనచో బాకీదారుడు లెక్క చెప్పవలెను. దయయైనచో దాత యిష్టము. ఇచ్చిన స్తోత్రము, ఈయకున్న మౌనము. బాధ్యతనుండి తప్పించుకొను త్రోవ పేరులోనే వేయబడియున్నది.

ఈ కథ క్రొత్తది గాదు. 2004 జూను మాసములో సమైక్యాంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 421వ నంబరు ఉత్తరువు వెలువరించి, అట్టి ప్రతి కుటుంబమునకు లక్షన్నర రూపాయలు నిర్ణయించిరి. అందులో లక్ష కుటుంబపోషణమునకు, ఏబదివేలు అప్పులవారితో రాజీ కుదుర్చుకొనుటకు. రాష్ట్రము రెండైన పిమ్మట 2015లో తెలంగాణ ప్రభుత్వమువారు దీనిని ఆరు లక్షలు చేసిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2015లో అయిదు లక్షలును, 2019లో ఏడు లక్షలును చేసిరి. మొత్తము పెరిగినప్పుడెల్ల పత్రికలలో ప్రకటనలు వచ్చినవి, సభలలో చప్పట్లు మ్రోగినవి. మొత్తమును గూర్చి మాకు వివాదము లేదు. ఆ మొత్తము ఎవరికి చెందునో తేల్చువారెవరు అన్నదే మా ప్రశ్న.

తేల్చువారు ముగ్గురు: డివిజనులోని రెవిన్యూ అధికారి, పోలీసు అధికారి, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు. చనిపోయినవాడు నిజముగా రైతేనా, అప్పు నిజముగా నున్నదా, చావునకు కారణము ఆ యప్పేనా యని వీరు విచారింతురు. ముగ్గురును ఆ ధనమీయవలసిన ప్రభుత్వముయొక్క యుద్యోగులే. అంతటితో ఆగిన నొక తీరు. కౌలుదారు పేరు దస్త్రములో నెక్కకపోవుట రెవిన్యూశాఖవారి లోపము. కల్తీవిత్తనము అంగడిలో నమ్ముడుపోవుట వ్యవసాయశాఖవారి లోపము. వడ్డీవ్యాపారి యింటిమీదికి వచ్చి దౌర్జన్యము చేసినచో నది చూడవలసినది పోలీసువారు. ఈ చావు వ్యవసాయసంకటమువలననే కలిగినదని వ్రాయుట తమ శాఖల వైఫల్యమునకు తామే సంతకము చేయుట. ఎంత ధర్మాత్ముడైన నధికారికైనను నట్టి సంతకమునకు చేయి వెనుకాడును. 1969లో క్రైపాక్ వ్యాజ్యమునందు సుప్రీముకోర్టువారు, ఉద్యోగమునకు అభ్యర్థియైనవాడు ఎంపికసంఘమునందు సభ్యుడుగా కూర్చుండుట న్యాయవిరుద్ధమని చెప్పి, ఆ యెంపికను కొట్టివేసిరి. తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదను నియమము ఉద్యోగముల పంపకమునకు వర్తించినప్పుడు, చనిపోయిన రైతు భార్యకు వర్తింపకపోవుటకు కారణమేమి?

ఇక సాక్ష్యము సంగతి. ప్రథమ సమాచార నివేదిక, పంచనామా, శవపరీక్ష నివేదిక, వారసత్వ ధ్రువపత్రము, ఆహారపు కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, అప్పు పత్రములు: వీనినన్నిటిని భర్తను పోగొట్టుకొనిన యిల్లాలు కార్యాలయము వెంట కార్యాలయము తిరిగి కూర్చుకొనవలెను. బ్యాంకు అప్పునకు కాగితముండును. కాని కౌలురైతుకు బ్యాంకు అప్పిచ్చుట యరుదు. ఆతడు చేబదులు తెచ్చుకొనును, లేదా ఎరువుల కొట్టులో ఖాతా పెట్టుకొనును, లేదా ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చును. ఆ నోటుండునది వ్యాపారి పెట్టెలో. లైసెన్సు లేక నూటికి మూడు రూపాయల నెలవడ్డీకిచ్చిన పెద్దమనిషి తహసీలుదారు నెదుట నా నోటు చూపి తన గుట్టు తానే బయట పెట్టుకొనునా? కనుక అప్పు ఋజువు కాలేదని వ్రాయబడును. మరికొన్ని నివేదికలలో 'కుటుంబ కలహము' అనియు, 'అనారోగ్యము' అనియు కారణము కనబడును. అప్పులవాడు గుమ్మమున కూర్చున్న యింట కలహము పుట్టదా? కలహమునకు తల్లి యెవరని యడుగువారు లేరు.

కౌలుదారు విషయము మరింత విచారింపదగినది. భూమి లేనివానిని రైతని యొప్పుకొనుటకు దస్త్రము వలయును. ఆ దస్త్రము లేకుండుటకు చట్టమే కారణము. 1956 నాటి ఆంధ్ర కౌలుచట్టము కౌలుదారుకు రక్షణ నుద్దేశించినదే. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము తెలంగాణమున రక్షిత కౌలుదారులకు హక్కు లిచ్చి, క్రొత్తగా కౌలునకిచ్చుటను మిక్కిలి నిర్బంధించినది. ఉద్దేశములు మంచివే. కాని కాగితము వ్రాసిన భూమి పోవునన్న భయముతో భూస్వాములు నోటిమాటమీదనే కౌలునకిచ్చుట మొదలిడిరి. 2011లో సాగుదారులకు గుర్తింపుకార్డు లిచ్చుటకు చట్టము వచ్చినది. ఆ కార్డు భూమిపై హక్కునకు సాక్ష్యము గాదని చట్టమందే వ్రాసినను భయము తీరలేదు. 2019లో ఆంధ్రప్రదేశమున దాని స్థానమున మరియొక చట్టము చేసి, యజమాని సంతకము చేసిననే కార్డు అనిరి. ఎవనికి భయపడి కౌలుదారు దాగియున్నాడో వాని వ్రేలిముద్రనే తెమ్మనిన, అది గుర్తింపా, గుర్తింపునకు అడ్డా? మునిమాపువేళ కౌలుడబ్బు చేతులు మారుట ఊరందరకు తెలియును. ప్రభుత్వమున కొక్కదానికే తెలియదు.

ప్రభుత్వమునకు చేతకాదనుట యబద్ధము. తెలంగాణ ప్రభుత్వమువారు 2018 ఆగస్టులో ఆరంభించిన రైతుబీమా యిందుకు నిదర్శనము. పదునెనిమిదేండ్లు మొదలు ఏబదితొమ్మిదేండ్ల వయసుగల పట్టాదారు చనిపోయిన, కారణమేమని యడుగక, అయిదు లక్షల రూపాయలు పదిదినములలో వారసుని ఖాతాకు చేర్చు నేర్పాటది. ప్రీమియము ప్రభుత్వమే జీవితబీమా సంస్థకు కట్టినది. ముగ్గురధికారుల విచారణ లేదు, అప్పుపత్రముల వెదుకులాట లేదు. దానిని మేము మనసార మెచ్చుకొందుము. కాని యదియును పట్టాదారునకే. సేద్యము చేసిన కౌలుదారు పోయిన, ఆతని భార్య తిరిగి పాతయుత్తరువు వాకిటనే నిలువవలెను. పట్టణమున కాపురముండి, నాగలి ముఖము చూడని పట్టాదారు పోయిన, బీమా తానై యింటికి వచ్చును.

'దయ' యను మాటను ప్రభుత్వము వేరొకచోట వదలుకొనవలసి వచ్చిన సంగతి యధికారులకు జ్ఞప్తిచేయుచున్నాము. ఉద్యోగి పించను కూడ నొకనాడు ఏలినవారి దయయే యనిరి. 1971లో దేవకీనందన ప్రసాదు వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు పించను ప్రభుత్వమిష్టముపై నాధారపడు భిక్ష గాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పిరి. విచారణసంఘములో కూర్చుండు యధికారి మరణించిన నాతని కుటుంబమునకు రావలసినది హక్కు. ఆయన యెదుట చేతులు కట్టుకొని నిలిచిన యాడుదానికి రావలసినది దయ. ఇరువురి భర్తలును ఈ దేశపు పనిలోనే పోయిరి గదా.

దొంగయర్జీలు వచ్చునని యొక యాక్షేపణ గలదు. వచ్చును, మేము కాదనము. దానికి మందు మన తెలుగునాటనే దొరకినది. 2006లో ఉపాధిహామీ పనులపై ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ లారంభించినప్పుడు, మస్తరు పట్టీలను గ్రామసభలో బిగ్గరగా చదివి, పేరుపేరునకు ఊరివారి నడిగిరి. చనిపోయినవారి పేర కూలి వ్రాసినచో నది అక్కడనే బయటపడెడిది. ఫలానావాడు ఫలానా పొలము మూడేండ్లు దున్నెనా లేదా యని గ్రామసభ నడిగిన, పాసుపుస్తకముకంటె నిజము త్వరగా తేలును.

కావున ఈ ధనమును ఉత్తరువునుండి తప్పించి శాసనమునకెక్కింపవలెను. రైతు కాదనియు, అప్పు లేదనియు ఋజువు చేయుభారము కాదనువారిపై నుండవలెను. తోసివేత కారణములతో వ్రాతపూర్వకముగా నర్జీదారుకు చేరవలెను. దానిపై అప్పీలు జిల్లా న్యాయసేవాధికార సంస్థ యెదుట నడువవలెను గాని, అదే కలెక్టరు కార్యాలయమున గాదు. గడువు మీరిన దినములకు జరిమానా, 2005 నాటి సమాచారహక్కు చట్టమందువలె, ఆలస్యము చేసిన యధికారి జీతమునుండియే రావలెను. ఆ చట్టములో దినమునకు రెండువందల ఏబది రూపాయలు వేసిరి. ఇచ్చట నంతకు తక్కువ కానక్కరలేదు.

ఇదంతయు జరుగుటకు ముందు చేయదగిన చిన్నపని యొకటి యున్నది. రానున్న సమావేశములలో రెండు శాసనసభల సభ్యులును, 2014 జూను మొదలు తమ తమ నియోజకవర్గములలో వచ్చిన యర్జీ లెన్ని, తోసివేసిన వెన్ని, తోసివేయబడినవారిలో కౌలుదారు లెందరు, ఏ కారణము వ్రాసి తోసివేసిరి యని మంత్రుల నడిగి, ఆ పట్టికను సభాసమక్షమున నుంచునట్లు చేయవలెను. ఎవ్వరెవ్వ రడిగిరో, ఏమి సమాధానము వచ్చినదో యీ పత్రికలో ప్రకటింతుము.