టికెట్టు కంటే దారి ఖర్చే బరువు

పిల్లలకు సురభి వారి ‘మాయాబజార్’ చూపించాలని గద్వాలలోనో వనపర్తిలోనో ఓ తండ్రికి అనిపించిందనుకోండి. హైదరాబాద్ బయల్దేరాలి. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో తల్లికీ కూతురికీ ఛార్జీ లేదు. తండ్రికి ఫుల్ టికెట్టు, పదేళ్ల కొడుక్కి హాఫ్. 2018 నుంచి 500 రూపాయల్లోపు నాటకం టికెట్టుకు జీఎస్టీ కూడా లేదు. అయినా ఆటోలు, హోటల్ భోజనాలు, ఆట ముగిశాక రాత్రి బస... జేబు ఖాళీ!

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ నాటక సమాజం ఒకప్పుడు తెరలు, సామాన్లు మోసుకుంటూ ఊరూరా తిరిగింది. మళ్లీ అలా నాగర్‌కర్నూల్‌లో నాలుగు రోజులు ఆడించడానికి ఊళ్లో నలుగురు పూనుకుంటే? వంద కుటుంబాలకు దారి ఖర్చు మిగులుతుంది. పిల్లలు ఘటోత్కచుణ్ని సెల్‌ఫోన్లో కాదు, కళ్లెదుటే చూస్తారు.